పాత పాటల పందెం: ప్రశ్న వేసే పద్ధతి

ముందు ఒక నిషేధం. “ఫలానా సినిమా ఏ సంవత్సరంలో వచ్చింది?” అని మా పందెంలో ఎవరూ అడగకూడదు. అడిగితే ఆ సాయంత్రం పకోడీల ఖర్చు వారిదే. సంవత్సరం తెలిసినవాడు టక్కున చెప్పేస్తాడు, తెలియనివాడు చేతులెత్తేస్తాడు, ఎవరి నోటా పాట మాత్రం రాదు. జవాబు బయటపడగానే కూర్చున్నవారిలో ఒక్కరైనా పల్లవి ఎత్తుకున్నారా లేదా? ప్రశ్న మంచిదో కాదో తేల్చడానికి నా దగ్గరున్న కొలత ఇదొక్కటే.

నాది కాకినాడ. ఎనభైల్లో, తొంభైల్లో క్యాసెట్లలో పాటలు ఎక్కించి ఇచ్చే దుకాణం నడిపాను. ఖాళీ క్యాసెట్, దానితోపాటు కావలసిన పాటల చీటీ తెచ్చి ఇచ్చేవారు. 60 నిమిషాల క్యాసెట్ అంటే వైపుకు 30 నిమిషాలు. యాభైల నాటి పాటలు మూడు, మూడున్నర నిమిషాలే కాబట్టి ఒక్కో వైపు ఎనిమిదో తొమ్మిదో పట్టేవి. ఆ చీటీలు చదవడమే నేను చదివిన చదువు. సినిమా పేరు రాసేవారు తక్కువ. ‘పడవలో వెన్నెల పాట’, ‘నాగేశ్వరరావు తాగి పాడేది’, ‘మా అక్క పెళ్లిలో బ్యాండువాళ్లు వాయించింది’ అని రాసేవారు. నాకు ఏ పాటో వెంటనే తెలిసిపోయేది, ఆ మూడోది తప్ప! జనం పాటను గొంతుతో, సన్నివేశంతో, విన్న చోటుతో గుర్తు పెట్టుకుంటారు. ప్రశ్న కూడా ఆ దారినే వెళ్లాలి.

మా జట్టులో నలుగురం. హైస్కూల్లో తెలుగు చెప్పిన మాస్టారు, కరెంటు లైన్‌మన్‌గా పనిచేసి రిటైరైన మిత్రుడు, పెద్దాసుపత్రిలో నర్సుగా చేసిన సిస్టరుగారు, నేను. డాలస్‌లో ఉన్న సిస్టరుగారి అబ్బాయి ఫోన్ తెర మీద ఐదోవాడుగా వచ్చి చేరతాడు. ఐదారుగురికి మించి పోగుచేయకండి, అది సభ అయిపోతుంది, ఎవరో ఒకరు అధ్యక్షత వహించడం మొదలుపెడతారు. మిగిలిన ఫోన్లన్నీ ఒక పళ్లెంలో బోర్లా పెట్టించాలి. తెర మీది మనిషికి మాట కాస్త ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ‘ముందు ఎవరు అరిస్తే వారిదే’ అనే పద్ధతి అతనికి అన్యాయం. వంతులవారీగా ఆడండి.

గొంతు మీద ప్రశ్నలతో మొదలుపెట్టడం మంచిది. ‘మిస్సమ్మ’లో రామారావుకు పాడింది ఎవరు? అడగ్గానే సగం మంది అలవాటు కొద్దీ ఘంటసాల అంటారు. తప్పు అనకండి, మౌనంగా ఉండండి. ఎవరో ఒకరు ‘రావోయి చందమామ’ అని కూనిరాగం తీస్తారు. రెండో పాదానికి వచ్చేసరికి వారి చెవే చెప్పేస్తుంది, ఇది ఘంటసాల గంభీరం కాదు, ఎ.ఎం.రాజా మెత్తదనం అని. జవాబు వారి దగ్గరే ఉంది, మనం చేసిందల్లా తలుపు తట్టడమే. ఇలాంటి ప్రశ్న ఓడినవారికి కూడా సంతోషం కలిగిస్తుంది.

ఒకే మనిషి మీద మూడు మెట్లు కట్టడం ఇంకో పద్ధతి. మంగళంపల్లి బాలమురళీకృష్ణనే తీసుకోండి. మొదటి మెట్టు: ‘నర్తనశాల’లో బృహన్నల వేషంలో ఉన్న రామారావుకు ‘సలలిత రాగ సుధారస సారం’ ఎవరు పాడారు? ఇది చాలామందికి వస్తుంది. రెండో మెట్టు: అదే గొంతు ఆత్రేయ మాటలకు, ఎం.ఎస్.విశ్వనాథన్ బాణీకి ఒక బాలచందర్ సినిమాలో మనసును మూగదని పిలిచింది, ఏ పాట? ‘గుప్పెడు మనసు’లోని ‘మౌనమే నీ భాష ఓ మూగ మనసా’. ఇక్కడ ఒక నిమిషం ఆగాలి, ఎందుకంటే ఎవరూ పాడకుండా ఉండరు. మూడో మెట్టు: ఆయన గొంతే కాదు, మనిషే తెర మీద కనిపించిన సినిమా? ‘భక్త ప్రహ్లాద’, నారదుడి వేషం. మెట్లు తలకిందులు చేసి నారదుడితో మొదలుపెడితే మిగిలిన రెండూ వెలవెలబోతాయి. కష్టమైనది చివరికి ఉంచాలనుకుంటాం కానీ, నా లెక్కలో బాగా పాడుకోదగ్గది మధ్యలో పడాలి.

నేను వేసిన వాటిలో నాకు బాగా నచ్చినది ఇది: “నోట మాట రాని నాయిక మీద తీసిన పాట. పాడిన గాయనికి జాతీయ అవార్డు వచ్చింది. ఏ పాట?” మాస్టారు ముందు ప్రశ్ననే తప్పు పట్టారు. “మూగపిల్లకు పాట ఎలా ఉంటుందయ్యా?” అన్నారు. అక్కడే ఉంది కీలకం. సిస్టరుగారు కళ్లు మూసుకుని కాసేపు ఆలోచించి, “కలలో పాడొచ్చు కదండీ మాస్టారూ” అన్నారు. అంతే, ‘ఝుమ్మంది నాదం సయ్యంది పాదం’ గదంతా మోగింది. 1976 నాటి ‘సిరిసిరిమువ్వ’, జయప్రద, పి.సుశీల. ఇందులో పేరు, తేదీ, సంఖ్య ఏదీ గుర్తుండనక్కరలేదు. సినిమా చూసిన మనిషికి ఆలోచిస్తే తట్టాలి. ప్రశ్నలో చిన్న వైరుధ్యం కనిపిస్తే బుర్ర దానంతట అదే పని మొదలుపెడుతుంది. మూగపిల్ల పాట, ఆడవేషంలో ఉన్న వీరుడి పాట, సంగీత దర్శకుడే పాడేసిన పాట. ‘మాతృదేవోభవ’లో ‘రాలిపోయే పువ్వా’ను స్వరపరిచిన కీరవాణే పాడారన్న సంగతి ఎంతోమంది వింటూనే ఉన్నా గమనించరు.

అవార్డుల మీద ప్రశ్నలు వేయవచ్చు కానీ జాగ్రత్తగా. ‘ఎన్ని వచ్చాయి?’ అనేది సంవత్సరం ప్రశ్నకు తమ్ముడు. బాలుగారికి ఆరు జాతీయ అవార్డులు, నాలుగు భాషల్లో అని మీరే చెప్పేసి, “ఈ నాలుగింటిలో ఆఖరికి కరుణించిన భాష ఏది?” అని అడగండి. తెలుగు ‘శంకరాభరణం’తో మొదలైందని అందరికీ తెలుసు, ‘ఏక్ దూజే కే లియే’తో హిందీ వచ్చిందనీ తెలుసు. మిగిలినవి కన్నడం, తమిళం. తమిళంలో ఆయన పాడిన పాటలు లెక్కలేనన్ని కాబట్టి కన్నడమే చివరిది అయి ఉంటుందని మా లైన్‌మన్ పకోడీ పందెం కాశాడు. నిజానికి కన్నడానిది 1995 అవార్డు, తమిళానిది 1996, తెలుగులో ‘మెరుపు కలలు’గా వచ్చిన ‘మిన్సార కనవు’కు.

సంవత్సరం ప్రశ్నను ఎందుకు నిషేధించానో ఇక్కడ మరో కారణం కూడా కనిపిస్తుంది. ‘మిన్సార కనవు’ థియేటర్లకు వచ్చింది 1997 జనవరిలో. ‘శంకరాభరణం’ విడుదల 1980 ఫిబ్రవరి 2న, అవార్డు 1979కి. సెన్సారు సర్టిఫికెట్ ఏ సంవత్సరంలో వస్తే అవార్డు ఆ సంవత్సరం లెక్కలో పడుతుంది. కాబట్టి 1979 అన్నవాడూ, 1980 అన్నవాడూ ఇద్దరూ ఒప్పే, ఇద్దరూ గొంతు పెంచుతారు. ఒక పాట పాడుకునే సమయం సెన్సారు సర్టిఫికెట్‌కు పోతుంది.

ఇక అసలు ఆట గొలుసు. అంత్యాక్షరి లాంటిదే కానీ అక్షరం మీద కాదు, మనిషి మీద నడుస్తుంది. జవాబు చెప్పినవారు ఆ జవాబులోనే ఉన్న ఒక మనిషిని పట్టుకుని తరువాతి ప్రశ్న వేయాలి. గాయకుడు, సంగీత దర్శకుడు, కవి, వాద్యకారుడు ఎవరైనా సరే. కథానాయకుడి మీదుగా మాత్రం గొలుసు పోనివ్వకూడదు. రామారావు, నాగేశ్వరరావుల మీదుగా ఎక్కడి నుంచి ఎక్కడికైనా ఒక్క అడుగులో వెళ్లిపోవచ్చు, అందులో ఆట ఏమీ లేదు. ఒకసారి వాడిన ముడి ఆ సాయంత్రం మళ్లీ వాడకూడదు.

మా గొలుసు ఒకటి పూర్తిగా చెబుతాను, పద్ధతి దానిలోనే తెలుస్తుంది.

‘మాయాబజార్’ సంగీత దర్శకుడు ఘంటసాల, ‘లాహిరి లాహిరి లాహిరిలో’ లీలతో కలిసి పాడింది కూడా ఆయనే, కానీ ఆ బాణీ ఆయనది కాదు, ఎవరిది అని నేను మొదలుపెట్టాను. సాలూరి రాజేశ్వరరావు అన్నారు మాస్టారు. మొదట ఆ సినిమాకు ఆయన్నే పెట్టుకున్నారు, నాలుగు పాటలకు బాణీలు కట్టాక తప్పుకున్నారు, మిగతాది ఘంటసాల నడిపించారు. (నా చీటీల్లోని ‘పడవలో వెన్నెల పాట’ ఇదే. ఆ వెన్నెల కూడా మార్కస్ బార్‌ట్లే కెమెరాతో పట్టపగలు సృష్టించిందే.) మాస్టారు సాలూరివారిని పట్టుకుని, “ఆయన అబ్బాయి మరో సంగీత దర్శకుడి అబ్బాయితో జతకట్టి తెలుగునేలను ఊపేశాడు. ఆ రెండో తండ్రి ఎవరు?” అన్నారు. రాజ్-కోటి జంటలో కోటి సాలూరివారి కుమారుడు, రాజ్ టి.వి.రాజు కుమారుడు. ఇది లైన్‌మన్ చెప్పాడు. చెప్పి, “ఆ టి.వి.రాజు ఒక సినిమాలో రామారావుకు బొంబాయి నుంచి గొంతు తెప్పించారు. ఎవరిది?” అన్నాడు. సిస్టరుగారు జవాబు చెప్పలేదు, ‘ఎంతవారు కానీ వేదాంతులైన కానీ’ అని పాడేశారు. ‘భలే తమ్ముడు’, మహమ్మద్ రఫీ. పాడితే జవాబు చెప్పినట్టే అని మా దగ్గర లెక్క.

రఫీ ముడి ఆమె చేతికి వచ్చింది. “రఫీ, లత కలిసి హిందీలో పాడిన ఒక పాట అంతకుముందు మనది. ఘంటసాల, జిక్కి పాడారు. రెండు భాషల్లోనూ సంగీత దర్శకుడు ఒక్కరే.” ఇది కొంచెం సేపు నానింది. సూచనగా ఆమె ‘కుహూ కుహూ బోలే కోయలియా’ బాణీ మాటల్లేకుండా పలికించారు. మాస్టారి చెయ్యి తాళం అందుకుంది కానీ నోరు పెగల్లేదు. డాలస్ అబ్బాయి చెప్పాడు: ‘సువర్ణ సుందరి’, ‘హాయి హాయిగా ఆమని సాగే’, పి.ఆదినారాయణరావు. చిన్నప్పుడు వాళ్లమ్మ వంటింట్లో పాడుకుంటుంటే విన్నాడట. సొంత కొడుకు చేతిలో ఓడిపోయి ఆవిడ సంబరపడిపోయారు.

అతను వేసిన ప్రశ్నకు నేను ఇప్పటికీ అసూయపడతాను. “ఆదినారాయణరావుగారి సంగీతంలో ఒక పాటకు కవికి జాతీయ అవార్డు వచ్చింది. ఆ కవికి నా లెక్కలో ఒకటిన్నర జాతీయ అవార్డులు. ఎలా?” ఒకటి సులువు. ‘అల్లూరి సీతారామరాజు’లో ‘తెలుగు వీర లేవరా’, శ్రీశ్రీ. మరి ఆ సగం? మాస్టారు మహాప్రస్థానం అంతా వల్లించగలరు కాబట్టి ఆయనకే తట్టింది. 2003లో ‘ఠాగూర్’ సినిమా పాటకు సుద్దాల అశోక్ తేజకు జాతీయ అవార్డు వచ్చింది. ఆ పాట ఎత్తుకున్నదే శ్రీశ్రీ ‘నేను సైతం ప్రపంచాగ్నికి’తో. సగం ఇవ్వాలా, పావు ఇవ్వాలా అని అరగంట వాదన నడిచింది. అంతలో లైన్‌మన్ గమనించాడు, ‘తెలుగు వీర లేవరా’ పాడిన గొంతుల్లో ఘంటసాలది ఉంది. ఆయన 1974 ఫిబ్రవరి 11న పోయారు, సినిమా ఆ మే నెలలో వచ్చింది. ఘంటసాల దగ్గర బయలుదేరిన గొలుసు చుట్టూ తిరిగి ఘంటసాల దగ్గరికే వచ్చి ముడిపడింది. గొలుసు మొదటి మనిషి దగ్గరికి తిరిగి వస్తే అందరూ గెలిచినట్టు అని అప్పుడే నియమం పెట్టుకున్నాం.

సూచనలు ఇచ్చే వరుస కూడా చెప్పాలి. మొదట సన్నివేశం చెప్పండి, తరువాత బాణీ మాటల్లేకుండా పలికించండి, అప్పటికీ రాకపోతే మొదటి అక్షరం. చాలామంది అక్షరంతో మొదలుపెడతారు. అది గళ్లనుడికట్టు పద్ధతి, పాటకు పనికిరాదు.

తగాదాలు వస్తాయి. రాకపోతే ఎవరికీ పట్టింపు లేదన్నమాట. ఫోన్ల పళ్లెం వైపు చెయ్యి పోకుండా ఆపి, సాక్ష్యాలకు ఒక వరుస పెట్టుకోండి. అన్నిటికంటే పైన సినిమా టైటిళ్లు. అయితే పాత టైటిళ్లలో గాయకుల పేర్లన్నీ ఒకే పలకం మీద వేసేవారు, ఏ పాట ఎవరిదో చెప్పరు. అందుకు రికార్డు మీది గుండ్రటి చీటీ చూడాలి. దాని తరువాత పాటల పుస్తకం, అదే, థియేటర్ గేటు దగ్గర అమ్మేవారే, కథ సగం చెప్పి ‘మిగతా వెండితెరపై చూడండి’ అని ఊరించేది. మా మాస్టారి ట్రంకుపెట్టెలో అవి బొత్తులుగా ఉన్నాయి, చెదలు మిగిల్చినంత మేర. క్యాసెట్ అట్టల మీద ముద్రించిన పేర్లను మాత్రం నమ్మకండి. ఆ వ్యాపారంలో ఉన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ‘ఘంటసాల హిట్స్’ అని అట్ట మీద ఉంటే లోపల పి.బి.శ్రీనివాస్ పలకరించిన సందర్భాలు ఉన్నాయి. ఇంటర్నెట్‌లో వీడియోల కింద పెట్టే పేర్లు ఆ అట్టల మనవలు.

కొన్ని తగాదాలు టైటిళ్లతో కూడా తీరవు. ‘దేవదాసు’ పాటలకు కవిగా పేరు సముద్రాల రాఘవాచార్యులది. వాటిలో కొన్ని మల్లాది రామకృష్ణశాస్త్రి కలం నుంచి వచ్చాయన్న వాదన ఏనాటి నుంచో ఉంది. రెండు పక్షాల్లోనూ పెద్దవాళ్లే ఉన్నారు. సంగీతమూ అంతే, సి.ఆర్.సుబ్బరామన్ పేరు మీద ఉన్న ఆ సినిమా పూర్తి కాకముందే 1952లో ఆయన కన్నుమూశారు, శిష్యులు విశ్వనాథన్, రామమూర్తి మిగిలింది పూర్తిచేశారు. ఇలాంటిచోట ప్రశ్న మాట తీరు మార్చాలి. ‘ఎవరు రాశారు?’ అని కాకుండా ‘టైటిళ్లలో ఎవరి పేరు పడింది?’ అని అడగండి. జవాబు ఒక్కటే ఉంటుంది, వాదన కావాలనుకున్నవారు టీ తాగేటప్పుడు పెట్టుకోవచ్చు. మా మాస్టారు మల్లాది పక్షం. ఆయన ఎదుట ఈ ప్రశ్న వేస్తే ఇంటికి ఆలస్యంగా వెళ్తామని ముందే ఇంట్లో చెప్పి రావాలి.

వయసు తేడా ఉన్న జట్టయితే ఒక దశాబ్దానికి కట్టుబడకండి. యాభైల్లోనే తిరిగితే చిన్నవాళ్లు ఫోన్ చూడటం మొదలుపెడతారు. డాలస్ అబ్బాయి తరానికి ‘ఒకే సంగీత దర్శకుడికి మూడు భాషల్లో మూడు పేర్లు’ అంటే చాలు, కీరవాణి, మరకతమణి, ఎం.ఎం.క్రీమ్ అని గడగడా చెబుతారు. ఆ పేరుతో పెద్దవాళ్లను ముందుకు లాగవచ్చు, కీరవాణి గురువు చక్రవర్తి, ఆయన అసలు పేరు కొమ్మినేని అప్పారావు, డబ్బింగ్‌లో కూడా ఘనుడు. ఇద్దరికీ తెలిసిన మనిషి దగ్గర రెండు తరాలు కలుస్తాయి. బాలుగారు ఈ పనికి అన్నివిధాలా తగినవారు. 1967లో వచ్చిన ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’లో కోదండపాణి ఇచ్చిన తొలి అవకాశం దగ్గర మొదలుపెట్టి, ఆయన పేరే పెట్టిన రికార్డింగ్ థియేటర్ మీదుగా ఎటైనా వెళ్లవచ్చు.

మార్కులు వేయకండి. కాగితం మీద అంకెలు పడితే స్నేహితులు పరీక్షకు వచ్చినవాళ్లలా కూర్చుంటారు. మా దగ్గర బహుమతి ఒకటే: ఎక్కువ ముళ్లు విప్పినవారు అడిగిన పాటను మిగతావారు మూడు చరణాలూ పూర్తిగా పాడాలి. చరణాలు రాక లైన్‌మన్ పడే అవస్థ చూడటానికే సిస్టరుగారు గెలవాలని చూస్తారు.

ప్రతిసారీ ఒక ప్రశ్న జవాబు లేకుండా వాయిదా వేయాలి. మధ్యలో ఫోన్ చేసి అడగకూడదు, వెతకకూడదు, చెవిలో వినిపిస్తే మాత్రం వచ్చి చెప్పవచ్చు. ఈ వారం వాయిదా పడ్డది సిస్టరుగారి ప్రశ్న. లతా మంగేష్కర్ 1955లో ఒక తమ్ముణ్ణి నిద్రపుచ్చుతూ తెలుగులో పాడారు. మళ్లీ 1988లో ఇళయరాజా బాణీకి, ఈసారి బాలుగారితో కలిసి, తెలుగు యుగళగీతం పాడారు. రెండు పాటలూ కావాలి. మొదటిదాన్ని మాస్టారు గుమ్మం దాటకముందే పాడేశారు. రెండోదాని దగ్గర లైన్‌మన్‌కు పల్లవిలో ఏదో చీర ఉందని మాత్రం గుర్తొచ్చింది, దాని రంగు తేలడం లేదు.